కరిగిపోయిన కన్వర్టర్: రెండో సిలిండరు దాకా వెళ్లిన ఒక కేసు

పెట్రోలు కారులో పొగలోని విషవాయువులను మార్చి పంపే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడైతే దాన్ని మార్చడం పనిలో రెండో సగమే. ఎందుకు పాడైందో తేల్చడం మొదటి సగం. మా షెడ్డుకు వచ్చే కన్వర్టర్ కేసుల్లో చాలావాటికి ఆ మొదటి సగం జరగకుండానే ఎక్కడో బిల్లు పడి ఉంటుంది. అలాంటి కేసు ఒకటి కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను. తోటి మెకానిక్‌లకు పనికొస్తుంది, కారు నడిపేవాళ్లకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

కారు, ఫిర్యాదు

నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, బీఎస్-4 కాలుష్య ప్రమాణం నాటి హ్యాచ్‌బ్యాక్. మీటరు మీద 94 వేల కిలోమీటర్లు. యజమాని అధ్యాపకుడు. విజయవాడలో ఉంటూ రోజూ హైవే మీద కాలేజీకి వెళ్లి వస్తారు. పికప్ లేదన్నది ఆయన ఫిర్యాదు. నాలుగో గేరులో 70 దాటడం లేదు, కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరుకు దిగాల్సి వస్తోంది, మైలేజీ బాగా పడిపోయింది, చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదు. అంతకుముందు వేరే చోట ఇంజెక్టర్లు శుభ్రం చేశారు, ఫ్యూయల్ పంపు మార్చారు, లైటు ఆర్పి పంపించారు. కొద్ది రోజులకే అది మళ్లీ వెలిగింది. ఇక లాభం లేదని, కన్వర్టర్ మూసుకుపోయిందని, దాన్ని కోసి లోపలి సరుకు తీసేసి ఖాళీ డబ్బా వెల్డింగ్ చేస్తామని అన్నారట. ఆ మాట పట్టుకునే ఆయన మా దగ్గరికి వచ్చారు.

“మేస్త్రి గారూ, లోపల ఉన్నది తీసేస్తే పికప్ వస్తుందట కదా. కొత్తది కొనాలంటే మోయలేనంత ఖరీదు అంటున్నారు. మీరే తీసేసి పెట్టండి.”

“పికప్ వస్తుంది సార్. కానీ అది ఎందుకు మూసుకుపోయిందో ఇక ఎప్పటికీ తెలియదు. బండి ఈ పూట ఉంచండి, చూసి చెబుతాను.”

క్యాటలిటిక్ అన్న మాటలో ఏముంది

ఈ విశేషణం దగ్గర కాస్త ఆగాలి. కేసు మొత్తం దాని అర్థం మీదే నడిచింది. తాము మారకుండానే ఇతర పదార్థాల మధ్య మార్పు తెచ్చే పదార్థాల గుణానికి 1835లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ ఈ పేరు పెట్టారు. బడిలో మనం ఉత్ప్రేరకం అని చదువుకున్నది దీన్నే. పత్రికల్లో ‘అభివృద్ధికి ఉత్ప్రేరకం’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. అక్కడ వేగం పెంచేది అన్న అర్థం ఒక్కటే తీసుకుంటారు. వార్తకు అది చాలు, షెడ్డులో చాలదు. క్యాటలిటిక్ అని ఏ పరికరాన్ని అన్నా అందులో రెండు సంగతులుంటాయి. లోపలి పదార్థం చర్యను వేగంగా నడిపిస్తుంది. ఆ చర్యలో తాను ఖర్చు కాదు.

ఈ రెండో సంగతి మరిచిపోవడం వల్లే కన్వర్టర్‌ను ఆయిల్ ఫిల్టరు లెక్కన చూస్తున్నారు. ఫిల్టరు మురికి పట్టి నిండిపోతుంది, మార్చేస్తాం. కన్వర్టర్‌లో అలా నిండేది ఏదీ లేదు. అది పొగను పట్టి ఉంచదు, మార్చి పంపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి కొంత బలహీనపడటం సహజమే. లక్ష కిలోమీటర్లు కూడా తిరగని కారులో అది పూర్తిగా మూసుకుపోవడం మాత్రం సహజం కాదు. దాని మీదికి రాకూడనిది ఏదో వచ్చింది, అది ఇంజిన్‌లోంచే వచ్చింది.

లోపల ఉండేది కార్డియరైట్ అనే పింగాణీ జాతి పదార్థంతో చేసిన దిమ్మ. చదరపు అంగుళానికి నాలుగు వందల దాకా, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ సన్నని చదరపు గొట్టాలుంటాయి. గోడల మీద అల్యూమినా పూత, ఆ పూతలో కంటికి కనిపించనంత సన్నగా చల్లిన ప్లాటినం, పల్లాడియం, రోడియం. అల్యూమినా పూత గుల్లగా ఉంటుంది, గ్రాముకు వంద చదరపు మీటర్లు దాటిన ఉపరితలం దానిది. మొత్తం కన్వర్టర్‌లో విలువైన లోహాలు కొద్ది గ్రాములే. అంత తక్కువతో అంత పని జరగడానికి ఆ విస్తీర్ణమే ఆధారం.

ఉపరితలం అంటున్నది ఊరికే కాదు, పనంతా అక్కడే జరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అణువు వచ్చి ప్లాటినం మీద కూర్చుంటుంది. పక్కనే ఆక్సిజన్ అణువు రెండుగా విడిపోయి కూర్చుంటుంది. రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్ అయి లేచిపోతాయి. ఆ చోటు మళ్లీ ఖాళీ, తర్వాతి అణువుకు సిద్ధం. రోడియం మీద నైట్రిక్ ఆక్సైడ్ విడిపోయి, నైట్రోజన్ పరమాణువులు జంటగా లేచిపోతాయి. మనం పీల్చే గాలిలో ఎక్కువ పాలు ఉన్న నైట్రోజనే అది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఘన ఉపరితలాల మీద ఇలాంటి చర్యలు అడుగడుగునా ఎలా నడుస్తాయో తేల్చినందుకు జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్ట్‌ల్‌కు 2007లో నోబెల్ వచ్చింది. ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ చర్యను కూడా ఆయన పరిశీలించారు. మన బండి కింద జరిగేది అదే.

ఈ పని ఆగిపోవడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి, ఆ చోట్లు కప్పబడిపోవడం. ఇంజిన్ ఆయిల్ కాలితే అందులోని ఫాస్ఫరస్, జింకు వచ్చి పేరుకుంటాయి. మాంగనీస్ ఉన్న ఆక్టేన్ బూస్టర్ సీసాలతోనూ ఇలాగే జరుగుతుంది. రెండు, వేడి. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాటి ఎక్కువసేపు ఉంటే సన్నని లోహపు రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని ముద్దలవుతాయి, ఉపరితలం తరిగిపోతుంది. ఇంకా పెరిగి 1,400 దాటితే పింగాణీ దిమ్మే కరుగుతుంది. మూడు, కింద రాయి తగిలో, వేడి మీద ఉండగా నీళ్లలో దిగో దిమ్మ పగలడం. మా చేతికి వచ్చిన కారులో ఈ మూడింటిలో ఏది జరిగిందో చూడాలి.

చూసిన వరస

మొదట స్కానర్. రెండు కోడ్‌లు ఉన్నాయి. పీ-0420, అంటే కన్వర్టర్ సామర్థ్యం హద్దు కన్నా తక్కువ. పీ-0302, అంటే రెండో సిలిండరులో మిస్సింగ్, పెట్రోలు మండకుండా తప్పిపోవడం. ఇంతకుముందు చూసినవాళ్లు లైటు ఆర్పారు గనుక ఈ రెండూ అప్పుడు కూడా తెర మీద కనిపించే ఉంటాయి. రెండో కోడ్‌ను పట్టుకుని ఉంటే ఫ్యూయల్ పంపు జోలికి వెళ్లే అవసరమే ఉండేది కాదు.

తర్వాత నడుస్తుండగా రీడింగులు. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండాలి, అది ఊగుతోంది. వెనక ఉన్నది దాదాపు నిలకడగా 0.6, 0.7 దగ్గర ఉండాలి. కన్వర్టర్ పూతలోని సీరియం ఆక్సైడ్ అవసరాన్ని బట్టి ఆక్సిజన్‌ను దాచుకుంటూ, ఇస్తూ ఆ ఊపును చల్లారుస్తుంది కాబట్టి. ఇక్కడ వెనక సెన్సర్ ముందుదానితో పాటే ఊగుతోంది. దాచుకునే శక్తి పోయిందన్నమాట. ఇంకొక అంకె నన్ను ఆపింది. దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్ 17 శాతం ఎక్కువ వైపు ఉంది. అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు, ఈసీయూ, మామూలు కన్నా అంత అదనంగా పెట్రోలు పోస్తోంది. దీని సంగతికి మళ్లీ వస్తాను.

మూసుకుపోయిందా లేదా అన్నది చెవితోనో, సైలెన్సర్ వెనక చెయ్యి పెట్టో తేల్చకూడదు, కొలవాలి. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ మానిఫోల్డ్‌కు, ఇంజిన్ ఎంత బలంగా గాలి పీలుస్తోందో చూపే వ్యాక్యూమ్ గేజ్ పెట్టాం. ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తుంటే, 18 అంగుళాలు, పర్వాలేదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి ఉంచితే ముల్లు మెల్లగా జారుతూ 10 దాకా వచ్చింది. పొగ బయటికి పోక లోపలే నిలిచిపోతున్నప్పుడు కనిపించే లక్షణమిది. ఖాయం చేసుకోవడానికి ముందు ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించాం. ఐడిల్‌లో 2.5 పీఎస్ఐ, 2,500 దగ్గర 8. మేం పాటించే హద్దు ఐడిల్‌లో 1.5 లోపు, 2,500 దగ్గర 3 లోపు.

అదే రంధ్రంలోంచి బోరోస్కోప్, అంటే సన్నని గొట్టం కెమెరా దించాం. అధ్యాపకుణ్ని పిలిచి తెర చూపించాను. అంచుల వెంబడి గొట్టాలు ఇంకా చక్కగా చదరంగా, బూడిద రంగులో ఉన్నాయి. మధ్యలో గొట్టాలు లేవు. నున్నగా మెరిసే నల్లటి గాజు కరుడు, దాని చుట్టూ గోడలు లోపలికి ఒరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. తెల్లటి బూడిద పొర గాని, ఆయిల్ మరక గాని లేదు. దెబ్బ తగిలి పగిలిన గీతలు లేవు. మొదటి దారి కాదు, మూడోది కాదు. వేడి.

ఆ గాజు కరుడే ఈ కేసులో అసలు సాక్ష్యం. పింగాణీ కరగాలంటే పొగ వేడి ఒక్కటే చాలదు. మామూలుగా నడిచే పెట్రోలు కారు పొగ అంత వేడితో బయటికి రాదు. పెట్రోలు వచ్చి కన్వర్టర్ లోపలే కాలి ఉండాలి.

రెండో సిలిండరు

నాలుగు ప్లగ్గులూ విప్పాం. 1.1 మిల్లీమీటర్లు ఉండాల్సిన, నిప్పురవ్వ దూకే గ్యాప్ అన్నిట్లో 1.4 దాటింది, రెండోదానిలో 1.5. బిల్లులు తిరగేస్తే ప్లగ్గులు చివరిసారి మార్చింది 40 వేల కిలోమీటర్ల దగ్గర. రెండో ప్లగ్గు పింగాణీ మీద నిలువునా సన్నని నల్లగీత ఉంది. నిప్పురవ్వ దూకాల్సిన చోట దూకకుండా పింగాణీ వెంబడి జారి కింద లోహానికి దిగిన గుర్తు అది. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే ఆ సిలిండరు కాయిల్ రబ్బరు తొడుగు లోపల కూడా దానికి జంటగా ఒక చీలిక. కాయిల్‌నూ, ప్లగ్గునూ కలిపి మూడో సిలిండరుకు మార్చి బండి తీసుకుని హైవే మీదికి వెళ్లాం. లోడు పడగానే కోడ్ పీ-0303గా మారింది. మిస్సింగ్ ఆ జంటతో పాటే మూడో సిలిండరుకు వెళ్లింది. ఇంజెక్టరు, వాల్వులు, కంప్రెషన్ మీద అనుమానం తీరిపోయింది. అయినా కంప్రెషన్ కొలిచాం, నాలుగూ దగ్గర దగ్గరగా బాగానే ఉన్నాయి. కూలెంట్ తగ్గడం లేదు, ఆయిల్ తాగడం లేదు.

షెడ్డులో ఐడిల్‌లో ఈ మిస్సింగ్ ఎందుకు వినిపించదంటే, సిలిండరులో ఒత్తిడి పెరిగేకొద్దీ నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఐడిల్‌లో ఒత్తిడి తక్కువ, పెద్ద గ్యాప్ ఉన్నా ఎలాగో దూకేస్తుంది. కారులో నలుగురు ఎక్కి ఓవర్‌టేక్ చేయబోయినప్పుడు ఆ వోల్టేజీ తేలికైన దారి వెతుక్కుని చీలికలోంచి జారిపోతుంది. అందుకే కన్వర్టర్ కేసు వస్తే రోడ్డు మీద లోడుతో నడపకుండా నేను ఏమీ తేల్చను.

ఇక 17 శాతం సంగతి. ప్లగ్గు మండని ప్రతిసారీ సిలిండరులోని పెట్రోలు, గాలి రెండూ అలాగే బయటికి వస్తాయి. ఆక్సిజన్ సెన్సర్‌కు పెట్రోలు కన్నా మిగిలిన ఆక్సిజన్ మీదే చూపు. ఆక్సిజన్ ఎక్కువ కనబడటంతో పెట్రోలు చాలడం లేదని ఈసీయూకు చెబుతుంది. ఈసీయూ నాలుగు సిలిండర్లకూ ఇంకా పోస్తుంది. అంటే కాలని పెట్రోలు, దాన్ని కాల్చడానికి చాలినంత ఆక్సిజన్, రెండూ ఎర్రగా కాగిన కన్వర్టర్‌లోకి వెళ్లాయి. అక్కడ ప్లాటినం, పల్లాడియం ఉన్నది సరిగ్గా ఈ రెంటినీ కలపడానికే. కన్వర్టర్ తన పని తాను నమ్మకంగా చేసింది, ఆ వేడికే కరిగింది. కొన్ని కార్లలో ఇలాంటప్పుడు ఈసీయూ ఆ సిలిండరుకు పెట్రోలు ఆపేస్తుంది. ఈ కారులో అలా జరిగిన జాడ కనిపించలేదు.

“హైవే మీద ఎప్పుడైనా లైటు ఆరుతూ వెలుగుతూ కనిపించిందా సార్?” అని అడిగాను. కనిపించిందన్నారు. కొన్ని వారాల కిందట చాలాసార్లు మినుకుమినుకుమందట. తర్వాత నిలకడగా వెలుగుతుంటే సర్దుకుందనుకున్నారట. తప్పు ఆయనది కాదు, ఆ తేడా ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే వీలు చూసుకుని రావచ్చు. మినుకుమంటే మాత్రం కన్వర్టర్‌ను పాడుచేసేంత మిస్సింగ్ ఆ క్షణంలోనే జరుగుతోందని అర్థం. వెంటనే ఆక్సిలరేటర్ వదలాలి. అప్పటికీ ఆగకపోతే పక్కకు తీసి బండి ఆపాలి. కారు కొన్న రోజునే షోరూములో చెప్పాల్సిన మాట ఇది.

ఖాళీ డబ్బా ఎందుకు పెట్టలేదు

ఖాళీ డబ్బా పెట్టి ఉంటే ఆ రోజే పికప్ వచ్చేది, యజమాని సంతోషంగా వెళ్లేవారు. రెండో సిలిండరు మాత్రం మండకుండానే ఉండేది. పచ్చి పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తూ, ఆయిల్‌లో కలుస్తూ, రింగులను అరగదీస్తూ ఉండేది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మార్పు లేకుండా వెనక స్కూటరు మీద పిల్లలను ఎక్కించుకుని వచ్చేవారి ముఖాన పడేది. బీఎస్-4 పెట్రోలు కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్‌లు, అంటే కాలని పెట్రోలు ఆవిరి, 200 పీపీఎం (పది లక్షల పాళ్లలో 200) దాటకూడదు. కన్వర్టర్ లేకుండా ఆ హద్దులో నిలవడం కష్టం. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత కాలుష్య ఉల్లంఘనకు జరిమానా 10 వేల రూపాయల దాకా ఉంది. జరిమానా లేకపోయినా నేను ఆ పని చేయను. అడిగినవారికి కాదని చెప్పి పంపించేస్తాను.

మార్కెట్లో తక్కువ ధరకు దొరికే కన్వర్టర్ల గురించి కూడా ఆయన అడిగారు. వాటిలో చాలావాటికి లోహపు పూత పలుచన, కొంతకాలానికే పీ-0420 తిరిగి వస్తుంది. రోడియం 2021 మార్చిలో ఔన్సు 30 వేల డాలర్ల దగ్గరికి వెళ్లిన లోహం. నాసిరకం తయారీదారు ముందుగా కోత పెట్టేది దానిలోనే. రోడియం తగ్గితే కంటికి కనబడేది ఏమీ ఉండదు. పికప్ బాగుంటుంది, కార్బన్ మోనాక్సైడ్ కూడా తగ్గుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్‌లు మాత్రం అలాగే బయటికి పోతాయి, పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో పెట్రోలు కారుకు వాటిని కొలవరు. కంపెనీ భాగమే వేయమని చెప్పాను. ఆయన రెండు రోజులు ఆలోచించుకుని ఒప్పుకున్నారు. ఖర్చు తేడా చెప్పకుండా ఉండలేను. సమయానికి మార్చి ఉంటే ఒక కాయిల్, నాలుగు ప్లగ్గులు నాలుగు వేల రూపాయలలోపు తేలే పని. కన్వర్టర్ దానికి ఎన్నో రెట్లు.

కన్వర్టర్ సంగతి వచ్చినప్పుడల్లా యూజీన్ హూద్రీ గుర్తొస్తారు. ముడి చమురులోని బరువైన భాగాన్ని ఉత్ప్రేరకం మీద విరగ్గొట్టి పెట్రోలు చేసే క్యాటలిటిక్ క్రాకింగ్‌ను 1930లలో పరిశ్రమ స్థాయికి తెచ్చిన ఫ్రెంచి ఇంజినీరు ఆయన. విశాఖ రిఫైనరీలో నేటికీ నడుస్తున్నది ఆ పద్ధతికి తర్వాతి తరమే. అక్కడ ఉత్ప్రేరకపు పొడి మీద క్షణాల్లో బొగ్గు పేరుకుంటుంది. వెంటనే పక్క పాత్రలోకి పంపి బొగ్గును కాల్చేసి, అదే పొడిని మళ్లీ పనిలో దింపుతారు. ఖర్చు కాదు, కప్పబడిపోతుంది, అంతే. అమెరికాలో స్థిరపడిన హూద్రీ 1950లలో కారు పొగకు కన్వర్టర్ కూడా తయారుచేసి పేటెంటు తీసుకున్నారు. కానీ అప్పటి పెట్రోలులో సీసం ఉండేది. సీసం ప్లాటినం మీద పేరుకుని పనిని ఆపేస్తుంది. 1962లో ఆయన చనిపోయేనాటికి కన్వర్టర్ కార్లలోకి రాలేదు. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడు సీసం లేని పెట్రోలును కూడా అక్కడే మొదలుపెట్టారు. దేశమంతటా సీసం పోయింది 2000 ఫిబ్రవరిలో. గంధకం కథ ఇంకా మొన్నటిది. బీఎస్-4 పెట్రోలులో 50 పీపీఎం ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి 10 పీపీఎం. దాన్ని తీసే పని కూడా రిఫైనరీలో మరో ఉత్ప్రేరకం మీదే జరుగుతుంది. ఇంత శ్రమపడి శుభ్రం చేసిన పెట్రోలు వాడుతూ, ఒక్క ప్లగ్గు దగ్గర అశ్రద్ధతో కన్వర్టర్‌ను పోగొట్టుకోవడం చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

చేసిన పని, తర్వాతి రీడింగులు

నాలుగు ప్లగ్గులూ, రెండో కాయిల్ మార్చాం. మిగతా మూడు కాయిల్‌ల తొడుగులు వెలుతురులో పరీక్షించి ఉంచేశాం. పెట్రోలు కలిసి పలచబడిన ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు మార్చాం. కొత్త కన్వర్టర్ బిగించే ముందు పాత కన్వర్టర్ ముక్కలేవైనా సైలెన్సర్‌లోకి వెళ్లాయేమోనని విప్పి దులిపాం. ఇది చాలామంది వదిలేసే పని. ఒక ముక్క సైలెన్సర్ లోపల అడ్డుపడినా కొత్త కన్వర్టర్ వేశాక కూడా పికప్ రాదు. తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చెరిపి, హైవే మీద లోడుతో నడిపాం.

ఐడిల్‌లో ప్రెషర్ అర పీఎస్ఐ కూడా లేదు, 2,500 దగ్గర 1. వెనక సెన్సర్ 0.68 దగ్గర నిలిచింది. ట్రిమ్ కొద్ది రోజులకు 3 శాతానికి దిగింది. గ్యాస్ ఎనలైజర్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.02 శాతం, హైడ్రోకార్బన్‌లు 18 పీపీఎం. ఈ కొలతలు ఇంజిన్ బాగా కాగాక తీసుకున్నవి. సుమారు 250, 300 డిగ్రీలకు చేరేదాకా కన్వర్టర్ పని మొదలుపెట్టదు. ఇంటి నుంచి నాలుగు వీధులు నడిపి పొల్యూషన్ సర్టిఫికెట్‌కు తీసుకెళితే మంచి కారు కూడా అక్కడ తప్పవచ్చు. పదిహేను నిమిషాలు నడిపి వెళ్లమని అందరికీ చెబుతుంటాను.

అధ్యాపకుడు ఆ తర్వాత రెండు సర్వీసులకు వచ్చారు. స్కానర్‌లో కోడ్‌లు లేవు. మిస్సింగ్ లెక్క నాలుగు సిలిండర్లలోనూ సున్నా. ప్లగ్గులు మళ్లీ 1,34,000 కిలోమీటర్ల దగ్గర మార్చాలని జాబ్ కార్డు మీద ఎర్ర సిరాతో రాసి ఉంచాం.